వర్సిటీకో తూకం

హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ గేటు. ఉదయం ఎనిమిదిన్నర కూడా కాలేదు, అప్పటికే వందల మంది పోగయ్యారు. ఇస్త్రీ చొక్కాలు, మెడలో ఐడీ కార్డులు, చంకలో ప్లాస్టిక్ ఫోల్డర్లు. చుట్టుపక్కల పదిహేను ఇరవై కాలేజీల పిల్లలకు కలిపి పెట్టిన పూల్ డ్రైవ్ అది. లోపలికి వెళ్లే దారిలో బల్ల వేసుకుని కూర్చున్న ప్లేస్‌మెంట్ ఉద్యోగి ఒక్కొక్కరి మార్కుల మెమో తిరగేస్తున్నాడు. "ఏడున్నర లోపు ఉన్నవాళ్లు పక్కకు రండి బాబూ. కంపెనీ వాళ్ల సిస్టమే తీసుకోదు, నా చేతుల్లో ఏం లేదు" అని మర్యాదగానే చెబుతున్నాడు.

"ఎంతరా నీది?"

"ఏడు పాయింట్ ఒకటి. నీదో?"

"ఎనిమిది ఆరు."

ఇద్దరూ ఇంటర్ ఒకే బెంచీ మీద చదివారు. ఎంట్రన్స్ ర్యాంకులూ దగ్గరదగ్గరే. కౌన్సెలింగ్‌లో ఒకడికి యూనివర్సిటీ అనుబంధ కాలేజీ వచ్చింది, రెండోవాడికి అటానమస్ కాలేజీ. ఇద్దరిదీ కంప్యూటర్ సైన్సే. నాలుగేళ్ల తర్వాత ఒకడు గేటు లోపల, ఇంకొకడు బయట. ఎవరికి ప్రోగ్రామ్ రాయడం బాగా వచ్చో తేల్చే పరీక్ష ఇంకా మొదలే కాలేదు.

ప్లేస్‌మెంట్ల కాలంలో ఏ డ్రైవ్‌కు వెళ్లినా ఇలాంటి జంట ఒకటి కనిపిస్తుంది. 8.6 తెచ్చుకున్నవాడు నిజంగా అంత ఎక్కువ నేర్చుకున్నాడా? లేక 7.1 వాడి పేపర్లు దిద్దినవాళ్ల చేయి బిగువా? ఈ అనుమానం మన ఇళ్లలో ఏళ్ల తరబడి నలుగుతోంది. ఇప్పుడది ప్రపంచంలో అతి పేరున్న విశ్వవిద్యాలయాన్నీ పట్టుకుంది.

హార్వర్డ్‌లో గుబులు

2025 అక్టోబరులో హార్వర్డ్ విశ్వవిద్యాలయం అండర్‌గ్రాడ్యుయేట్ విద్య డీన్ అమాండా క్లేబా ఒక నివేదిక ఇచ్చారు. తమ విద్యార్థులకు వేస్తున్న గ్రేడ్లలో దాదాపు 60 శాతం 'ఏ'లేనని అందులో తేలింది. ఇరవై ఏళ్ల కిందట ఈ వాటా నాలుగో వంతు. పదేళ్ల కిందట 40 శాతం. ఇలా అయితే బాగా చేసినవారెవరో, అద్భుతంగా చేసినవారెవరో చెప్పడం గ్రేడ్ల వల్ల కాదని ఆమె తేల్చి చెప్పారు.

యేల్‌లోనూ ఇదే తీరు. అక్కడ ఆర్థికశాస్త్ర ఆచార్యుడు రే ఫెయిర్ తీసిన లెక్క ప్రకారం 2022-23లో ఇచ్చిన గ్రేడ్లలో దాదాపు 79 శాతం 'ఏ', 'ఏ మైనస్'లే. అమెరికా మొత్తం మీద గ్రేడ్ల పెరుగుదలను ఏళ్ల తరబడి వెంటాడిన స్టువర్ట్ రోజ్‌స్టాజర్, క్రిస్టఫర్ హీలీ 2012లో ప్రచురించిన పరిశోధన ఇంకా పెద్ద బొమ్మ చూపించింది. అప్పటికి అక్కడి కాలేజీల్లో వేసే అక్షర గ్రేడ్లలో 43 శాతం 'ఏ'లు. 1960తో పోలిస్తే ఆ వాటా 28 పాయింట్లు పెరిగింది.

ఈ పెరుగుదల మొదలైన రోజుల వెనక యుద్ధం ఉంది. వియత్నాం యుద్ధకాలంలో కాలేజీలో చదువుతున్న యువకులకు సైన్యంలో చేరడం నుంచి వాయిదా దొరికేది. 1966లో ఆ వాయిదాకు తరగతిలో స్థానాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. తాను వేసే 'డి' ఒక కుర్రవాణ్ని యుద్ధభూమికి పంపవచ్చని తెలిసిన మాస్టారి చేయి బిగుసుకోగలదా? యుద్ధం ముగిసింది. గ్రేడ్లు కొంతకాలం నిలకడగా ఉండి, 1980ల నుంచి మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాయి. ఈసారి వాటిని నడిపింది ఫీజు, పోటీ, ఉద్యోగం.

బాక్స్: తొలి పట్టభద్రులకూ గ్రేస్ మార్కులే!
*కలకత్తా విశ్వవిద్యాలయం 1857లో మొదలైంది. మరుసటి ఏడాది తొలి బి.ఏ. పరీక్ష పెట్టింది. రాసినవారిలో ఒక్కరూ అన్ని పేపర్లూ గట్టెక్కలేదు. ఇద్దరు మాత్రం ఆరింటిలో ఐదు బాగా రాసి, ఆరోదాంట్లో కొద్ది మార్కుల తేడాతో తప్పారు. సిండికేట్ దయతలచి వాళ్లకు పట్టా ఇచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరు జదునాథ్ బోస్. ఇంకొకరు తర్వాత 'ఆనందమఠం' రాసిన బంకించంద్ర ఛటర్జీ. దిద్దే చేతిని బట్టి జీవితం మలుపు తిరగడం మన దేశంలో యూనివర్సిటీ డిగ్రీ పుట్టిన నాటి నుంచీ ఉంది.*

ఒకే పది... ఎన్ని రకాలు!

మన దగ్గర చిక్కు ఇంకాస్త ముదురు. యూజీసీ సూచించిన పది పాయింట్ల పద్ధతి 2015 నుంచి దేశమంతా వ్యాపించింది. 'ఓ' అంటే 10, 'ఏ ప్లస్' 9, 'ఏ' 8, 'బి ప్లస్' 7, 'బి' 6, 'సి' 5, 'పి' 4, తప్పితే సున్నా. కాగితం మీద చూస్తే దేశమంతా ఒకే కొలత వచ్చేసినట్టే ఉంటుంది. కానీ ఏ గ్రేడుకు ఎన్ని మార్కులు కావాలన్నది, ఆ మార్కులు ఎవరు ఎలా వేస్తారన్నది వర్సిటీ ఇష్టం. వెనకటికి ఊరూరా ధాన్యం మానికతోనే కొలిచేవారు, కానీ ఈ ఊరి మానిక, పక్క ఊరి మానిక ఒకటి కాదు. మన పది పాయింట్లూ అలాగే ఉన్నాయి.

యూనివర్సిటీ అనుబంధ కాలేజీలో సెమిస్టర్ పేపరును వర్సిటీ తయారుచేస్తుంది. దిద్దేది ముక్కూ మొహం తెలియని ఎవరో. కాలేజీ చేతిలో ఉండేవి మిడ్స్, అసైన్‌మెంట్లు, ల్యాబ్ ఇంటర్నల్స్ మాత్రమే. జేఎన్‌టీయూ హైదరాబాద్ పాత రెగ్యులేషన్లలో ఇంటర్నల్స్‌కు 25, సెమిస్టర్ పరీక్షకు 75 ఉండేవి. ఆర్22 రెగ్యులేషన్‌లో అవి 40, 60 అయ్యాయి. అంటే పాఠం చెప్పే కాలేజీ చేతిలో ఉండే వాటా పెరిగింది.

అటానమస్ కాలేజీలో ఇంటర్నల్సే కాదు, సిలబస్, ప్రశ్నపత్రం, దిద్దడం, ఫలితం అన్నీ ఆ కాలేజీవే. చివర్లో పట్టా ఇచ్చేది మాత్రం వర్సిటీ. డీమ్డ్, ప్రైవేటు వర్సిటీలకైతే అంతా సొంతమే. ఐఐటీలు, బిట్స్ లాంటి చోట్ల పాఠం చెప్పిన ఆచార్యుడే పేపరు తయారుచేసి, తనే దిద్ది, తరగతిలో మిగతావాళ్లు ఎలా రాశారో చూసి గ్రేడు నిర్ణయిస్తాడు.

ఇలా నాలుగు దారుల్లో వచ్చిన నాలుగు అంకెలూ ఒకే ఎక్సెల్ షీటులో ఒకదాని కింద ఒకటి కూర్చుంటాయి. కంపెనీ 'ఏడున్నర పైన' అని ఒక్క నొక్కు నొక్కితే సగం పేర్లు మాయమైపోతాయి.

బాక్స్: ఒకే 7.5కు నాలుగు శాతాలు
*సీజీపీఏను శాతంలోకి మార్చడానికి ఒక్కొక్కరిదీ ఒక్కో సూత్రం. 7.5 ఎక్కడ ఎంతవుతుందో చూడండి.*
*• అన్నా యూనివర్సిటీ పద్ధతి (10తో గుణించడం): 75 శాతం*
*• గతంలో సీబీఎస్‌ఈ పదో తరగతి పద్ధతి (9.5తో గుణించడం): 71.25 శాతం*
*• జేఎన్‌టీయూ హైదరాబాద్ పద్ధతి (0.5 తీసేసి 10తో గుణించడం): 70 శాతం*
*• కర్ణాటకలో విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ 2018 స్కీము (0.75 తీసేసి 10తో గుణించడం): 67.5 శాతం*

దిద్దే గదిలో

బిగువు అనగానే మనకు కోపంగా చూసే మాస్టారు గుర్తొస్తాడు. నిజానికి స్పాట్ వాల్యుయేషన్ కేంద్రంలో బిగువుకు కారణాలు వేరు. అక్కడికి రోజంతా జవాబు పత్రాల కట్టలు వస్తూనే ఉంటాయి. పేరు ఉండదు, హాల్ టికెట్ నంబరు ఉండదు, ఒక కోడ్ మాత్రమే. దిద్దేవారిలో ఆ సబ్జెక్టును పదేళ్లు చెప్పినవారూ ఉంటారు, ఈ ఏడాదే కొత్తగా చేరినవారూ ఉంటారు. సమాధానంలో విషయం ఉన్నా 'స్కీము'లో రాసిన మాటలు లేకపోతే ఒకరు సగం మార్కులు వేస్తారు, ఇంకొకరు వేయరు. పొద్దున దిద్దిన కట్టకూ, సాయంత్రం కళ్లు లాగుతుండగా దిద్దిన కట్టకూ తేడా ఉండదని గట్టిగా చెప్పగలవారెవరు?

ఎం1, అంటే మొదటి గణితం పేపరు, ఫలితాలు వచ్చిన రాత్రి ఏ హాస్టల్‌కైనా వెళ్లి చూడండి. లెక్కల్లో ఇంటర్ దాకా నూటికి తొంభై ఐదు తెచ్చుకున్న అమ్మాయి 'ఎఫ్' చూసుకుని బిత్తరపోయి కూర్చుంటుంది. ఇంటికి ఫోన్ చేయడానికి ధైర్యం చాలదు. రీవాల్యుయేషన్‌కు కట్టాలా, సప్లీ ఫీజే కట్టాలా అని స్నేహితులు లెక్కలు వేస్తుంటారు. క్రెడిట్లు సరిపోకపోతే డిటైన్. ఆ ఏడాది పోతే తండ్రి తెచ్చిన అప్పుకు ఒక ఏడాది వడ్డీ అదనం. రీవాల్యుయేషన్‌లో మార్కులు మారి గట్టెక్కినవాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉన్నారు. వాళ్లకు ఊరట దక్కింది. మరి దరఖాస్తు ఫీజుకు డబ్బులు సర్దుకోలేనివారి సంగతి?

కాబట్టి బిగువుగా దిద్దారంటే నాణ్యంగా దిద్దినట్టే అనుకోకూడదు. ప్రశ్న స్పష్టంగా ఉండి, దేనికి ఎన్ని మార్కులో ముందే తెలిసి, ఇద్దరు వేర్వేరు అధ్యాపకులు దిద్దినా దాదాపు ఒకే మార్కు వస్తే అది న్యాయమైన బిగువు. అది లేనప్పుడు తక్కువ మార్కు కేవలం అదృష్టం మీద ఆధారపడుతుంది.

జిల్లా ఫస్టు... ఇక్కడ 'సి'

ఐఐటీల్లోలా తరగతిలో మిగతావాళ్లతో పోల్చి వేసే రిలేటివ్ గ్రేడింగ్‌ది ఇంకో రకం కష్టం. ఊళ్లో ఫస్టు, మండలంలో ఫస్టు, జిల్లాలో ఫస్టు వచ్చిన పిల్లలందరినీ తెచ్చి ఒకే గదిలో కూర్చోబెడితే, అందులోనూ ఎవరో ఒకరు ఆఖరు కావాల్సిందే. వంద మందీ బాగా చదివినా గ్రేడ్లు పైనుంచి కిందికి పరుచుకుంటాయి. ఐఐటీలో ఆరున్నర సీజీపీఏ ఉన్న పిల్లవాడు సొంతూళ్లో చుట్టాల ముందు ఆ మాట చెప్పుకోలేడు. "మా పక్కింటి వాళ్లబ్బాయికి తొమ్మిదిన్నరట కదరా!" అని ఎవరో ఒకరు అనేస్తారు. ఆ తొమ్మిదిన్నర ఎక్కడిదో, ఈ ఆరున్నర ఎవరి మధ్య వచ్చిందో వాళ్లకు ఎవరు చెప్పాలి?

ఈ దెబ్బ ఎంత లోతుగా తగులుతుందో కొన్ని సంస్థలు ముందే గుర్తించాయి. అమెరికాలోని ఎంఐటీలో మొదటి సెమిస్టర్ మార్కులు అక్షరాలుగా ట్రాన్‌స్క్రిప్టులో పడవు. గట్టెక్కితే పాస్ అని ఉంటుంది, తప్పితే ఆ కోర్సు ఊసే ఉండదు. కొత్త చోటు, కొత్త వేగం అలవాటయ్యే దాకా పిల్లలకు కాస్త ఊపిరి తీసుకునే సమయం ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ఇంటికి దూరంగా పదిహేడేళ్లకే హాస్టల్ చేరే మన పిల్లలకు ఇలాంటి ఒక్క సెమిస్టర్ ఎంత మేలు చేస్తుందో మన సంస్థలు ఆలోచించాలి.

చేతులు ఎందుకు సడలుతాయి?

మార్కులు ధారాళంగా వేసే అధ్యాపకులంతా బాధ్యత లేనివాళ్లు కారు. వాళ్ల మీద పనిచేసే ఒత్తిళ్లు చూస్తే విషయం అర్థమవుతుంది.

మొదటిది సీట్ల మార్కెట్. 'మా కాలేజీలో ఇంత శాతం పాస్' అన్నది అడ్మిషన్ల కాలంలో పెద్ద ప్రచారం. న్యాక్ గుర్తింపులో పాస్ శాతానికి చోటుంది. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో ఎంత మంది గడువులోగా డిగ్రీ పూర్తిచేశారన్నది లెక్కలోకి వస్తుంది. పిల్లలు తప్పితే సంస్థ ర్యాంకు తగ్గే ఏర్పాటులో పిల్లలు తప్పకుండా చూసుకోవడమే తేలిక.

రెండోది ప్లేస్‌మెంట్ కటాఫ్. పక్క కాలేజీ వాళ్లకు ఎనిమిదిన్నరలు వస్తుంటే, తాము నిజాయితీగా దిద్ది ఏడులు వేస్తే నష్టపోయేది తమ విద్యార్థులే. 'మన పిల్లల పొట్ట మనమే కొడదామా?' అన్న ప్రశ్నకు ఏ అధ్యాపకుడి దగ్గరా సులభమైన సమాధానం లేదు. ఒకరు కాస్త సడలిస్తే పక్కవారూ సడలించక తప్పదు.

మూడోది అధ్యాపకుడి ఉద్యోగ భద్రత. విద్యార్థులు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ మీద ఇంక్రిమెంట్ ఆధారపడినప్పుడు, కాంట్రాక్టు ఏటేటా పొడిగించాల్సినప్పుడు, తక్కువ మార్కు వేయడానికి చాలా గుండె కావాలి. అమెరికాలో అయినా, అమీర్‌పేటలో అయినా ఈ భయం ఒకటే.

బ్రిటన్ అనుభవమూ ఇదే చెబుతుంది. ఇంగ్లండ్‌లో 2010-11లో ఫస్ట్ క్లాస్ డిగ్రీ తెచ్చుకున్నవారు దాదాపు 16 శాతం. కోవిడ్ కాలంలో, 2020-21కి, ఆ వాటా దాదాపు 38 శాతానికి చేరింది. విద్యార్థుల పాత మార్కులు, నేపథ్యం లెక్కవేసినా ఈ పెరుగుదలలో పెద్ద భాగానికి కారణం దొరకడం లేదని అక్కడి నియంత్రణ సంస్థ 'ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్' హెచ్చరించింది. ఆ తర్వాతే వాటా మళ్లీ కిందికి దిగడం మొదలైంది.

బిగించి చూసినవాళ్లు

'అయితే అందరూ బిగిస్తే సరి' అనిపిస్తుంది. ఆ ప్రయోగమూ జరిగింది.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 2004లో ఒక నియమం పెట్టుకుంది. డీన్ నాన్సీ మాల్కీల్ చొరవతో వచ్చిన ఆ నియమం ప్రకారం ఏ విభాగమైనా తన కోర్సుల్లో 35 శాతానికి మించి 'ఏ'లు వేయకూడదు. అది సగటు లక్ష్యమే అయినా విద్యార్థుల కళ్లకు కోటాలా కనిపించింది. పక్కవాడికి నోట్సు ఇస్తే తన 'ఏ' పోతుందేమోనన్న బెరుకు, ఉద్యోగాల్లో మిగతా వర్సిటీల వాళ్ల ముందు తేలిపోతామన్న దిగులు పెరిగాయి. పదేళ్ల తర్వాత, 2014లో, ప్రిన్స్‌టన్ ఆ నియమాన్ని ఎత్తేసింది. తిరిగి చూసుకున్నప్పుడు ఒక విశేషం బయటపడింది. అక్కడ గ్రేడ్లు తగ్గడం నియమం అమలుకు ముందే, దాని మీద చర్చ నడుస్తున్నప్పుడే మొదలైంది. అధ్యాపకులు కలిసి కూర్చుని మాట్లాడుకోవడమే సగం పని చేసిందన్నమాట.

వెల్స్‌లీ కాలేజీ అదే కాలంలో తరగతి సగటు 'బి ప్లస్' దాటకూడదంది. అక్కడి ఆర్థికవేత్తలే తర్వాత ఫలితాలు పరిశీలించారు. గ్రేడ్లు తగ్గాయి. కానీ అలా గ్రేడ్లు తగ్గిన విభాగాలను మెయిన్‌గా ఎంచుకునేవారూ తగ్గారు, అక్కడి ఆచార్యులకు విద్యార్థులు ఇచ్చే రేటింగులూ పడిపోయాయి. అప్పటికే బిగువుగా ఉన్న సైన్సు, ఆర్థికశాస్త్ర విభాగాలకు మాత్రం కొంత న్యాయం జరిగింది. ఒకే కాలేజీలో కూడా విభాగానికో కొలత ఉంటుందని దీంతో రుజువైంది.

కార్నెల్ ఇంకో దారి పట్టింది. ఒక్కో కోర్సులో మధ్యస్థ గ్రేడు ఎంతో 1998 నుంచి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆలోచన మంచిదే. కానీ ఆ సమాచారం ట్రాన్‌స్క్రిప్టులోకి రావడానికి పదేళ్లు పట్టింది. ఈలోగా విద్యార్థులు మార్కులు ధారాళంగా పడే కోర్సుల వైపు మళ్లారని పరిశోధకులు గుర్తించారు. ఏది తేలికో పిల్లలకు తెలిసింది, ఉద్యోగం ఇచ్చేవాళ్లకు తెలియలేదు. సగం చెప్పిన నిజం ఇలా ఎదురు తిరిగింది.

విమానం దిగాక మరో కొలత

తెలుగు ఇళ్లలో ఈ విషయం ఇంతగా కాలుతున్నది విదేశీ చదువు వల్ల కూడా. ఇక్కడి 7.5 అక్కడ ఎంత అన్నది ఒక కుటుంబం అప్పు చేయాలా వద్దా అన్న నిర్ణయం దాకా వెళ్తుంది.

అమెరికాలో ఎం.ఎస్.కు వెళ్లిన పిల్లలకు మొదటి సెమిస్టర్‌లోనే ఒక కొత్త సత్యం ఎదురవుతుంది. ఇక్కడ 40 మార్కులతో పాసైపోయిన అలవాటు. అక్కడ చాలా గ్రాడ్యుయేట్ కోర్సుల్లో సగటు 3.0 నిలబెట్టుకోవాలి, అంటే 'బి'. రెండు 'సి'లు పడితే ప్రొబేషన్ నోటీసు రావచ్చు. ఫోన్‌లో అమ్మకు 'సి వచ్చింది' అంటే 'పాసయ్యావు కదరా నాన్నా' అంటుంది. ఆ మాట విని వాడు ఏమీ చెప్పలేక ఊరుకుంటాడు.

బ్రిటన్ వెళ్లిన అమ్మాయికి దీనికి పూర్తిగా తిరగబడిన అనుభవం. వ్యాసానికి 68 వస్తే ఇంట్లోవాళ్లు డీలాపడతారు. అక్కడ 70 దాటితేనే ఫస్ట్ క్లాస్, 68 అంటే చాలా మంచి మార్కు అని నచ్చజెప్పడానికి ఆ పిల్లకు అరగంట పడుతుంది.

బాక్స్: జర్మనీ లెక్కలో పాస్ మార్కు మహిమ
*జర్మనీలో 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 పాస్. విదేశీ గ్రేడును మార్చడానికి అక్కడ ఎక్కువగా వాడేది సవరించిన బవేరియన్ సూత్రం. గరిష్ఠ గ్రేడులోంచి మనకు వచ్చింది తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ గ్రేడుకూ మధ్య తేడాతో భాగించి, 3తో గుణించి 1 కలుపుతారు.*
*• 7.5 సీజీపీఏ, పాస్ గ్రేడు 4 అయితే: 2.25*
*• అదే 7.5, పాస్ గ్రేడు 5 అయితే: 2.5*
*చాలా మాస్టర్స్ కోర్సులు 2.5ను హద్దుగా పెట్టుకుంటాయి. అందుకే మీ వర్సిటీ పాస్ గ్రేడు ఎంతో రాసి ఉన్న కాగితం తప్పకుండా జతచేయండి.*

బాక్స్: ఎక్కడ ఎంతైతే గొప్ప?
*• బ్రిటన్: 40 పాస్, 70 పైన ఫస్ట్ క్లాస్*
*• ఫ్రాన్స్: 20కి 10 పాస్. 16 దాటితే 'చాలా బాగు'. 20కి 20 దాదాపు ఎవరికీ వేయరు*
*• డెన్మార్క్: అన్నిటికన్నా పైది 12, అన్నిటికన్నా కిందిది మైనస్ 3*
*• అమెరికా: 'ఏ'కి 4 పాయింట్లు*

నష్టపోయేదెవరు?

పేరున్న సంస్థలో ఆరున్నర వచ్చినా ఆ సంస్థ పేరే పిల్లవాణ్ని ఆదుకుంటుంది. పలుకుబడి ఉన్న ఇంటి పిల్లలకు రెఫరల్స్ దొరుకుతాయి. అంకె తప్ప ఇంకేమీ చూపించుకోలేనివాళ్లు నిజంగా దెబ్బతింటారు. ఊళ్లోంచి వచ్చి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లలు వాళ్లు. పీజీ అర్హతతో యూజీసీ నెట్ రాయాలంటే జనరల్ అభ్యర్థికి అందులో 55 శాతం ఉండాలి. బిగువుగా దిద్దే విభాగంలో 54 తెచ్చుకున్నవారికి ఆ తలుపు మూసుకుంటుంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి సాయం కోరాలంటే డిగ్రీలో 60 శాతం కావాలి. ఆ హద్దుకు రెండు మార్కుల దూరంలో ఆగిన అమ్మాయి చదివింది ధారాళంగా మార్కులు వేసే కాలేజీ అయి ఉంటే హద్దు దాటి ఉండేదేమో. దిద్దే చేయి తేడా వల్ల సర్కారు సాయం దూరమైతే దానికి జవాబుదారీ ఎవరు?

ఇంకో నష్టం అందరిదీ. మార్కు మీద నమ్మకం పోయినచోట కొత్త పరీక్ష పుడుతుంది. ఆ వెంటే కోచింగ్ వస్తుంది. ఇంటర్ బోర్డుల విషయంలో ఇది కళ్లారా చూశాం. 2013 నుంచి 2016 దాకా జేఈఈ మెయిన్ ర్యాంకులో బోర్డు మార్కులకు 40 శాతం వెయిటేజీ ఉండేది. బోర్డుకో తీరుగా మార్కులు పడుతుంటే సరిచేయడం తలనొప్పి అయింది. 2017 నుంచి ఆ వెయిటేజీ పోయింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో కొన్ని కోర్సులకు కటాఫ్ నూటికి నూరుకు చేరాక 2022లో సీయూఈటీ ప్రవేశ పరీక్ష వచ్చింది. డిగ్రీ గ్రేడ్లకూ అదే గతి పడుతోంది. కంపెనీలు సొంత పరీక్షలు పెడుతున్నాయి, వాటికి మళ్లీ శిక్షణ సంస్థలు వెలుస్తున్నాయి. నాలుగేళ్లు తరగతిలో చేసిన శ్రమకు విలువ తగ్గి, నాలుగు నెలల క్రాష్ కోర్సుకు పెరుగుతోంది. పాఠం చెప్పే మాస్టారికీ, శ్రద్ధగా వినే విద్యార్థికీ ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

గ్రేడు పక్కన ఇంకో గడి

దీనికి మందు అన్ని వర్సిటీలనూ ఒకేలా దిద్దమని ఆదేశించడంలో లేదు. సిలబస్‌లు వేరు, చేరే పిల్లల స్థాయి వేరు, సబ్జెక్టుల స్వభావం వేరు. అధ్యాపకుడి స్వేచ్ఛను చంపి సాధించే సమానత్వం మనకు వద్దు. కావాల్సింది, ఏ కొలతతో కొలిచారో గ్రేడు పక్కనే రాయడం.

ఇది ఎక్కడా జరగని వింత కాదు. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ 1994లో నిర్ణయించుకుని, ప్రతి కోర్సు పక్కన ఆ తరగతి మధ్యస్థ గ్రేడునూ, విద్యార్థుల సంఖ్యనూ ట్రాన్‌స్క్రిప్టులో ముద్రిస్తోంది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం తరగతి సగటు చూపిస్తుంది. ఐరోపా దేశాలు క్రెడిట్ల బదిలీ కోసం పెట్టుకున్న ఈసీటీఎస్ మార్గదర్శకాలు ఒక గ్రేడు పట్టికను సూచిస్తాయి. ఈ విభాగంలో ఏ గ్రేడు ఎంత శాతం మందికి వచ్చిందో అందులో ఉంటుంది. దాంతో ఎదుటివాళ్లకు 7.1 అన్న అంకెతో పాటు, 7.1 తెచ్చుకున్న ఈ అమ్మాయి తన తరగతిలో పైనుంచి పదో వంతులో ఉందన్న సంగతీ తెలుస్తుంది.

మనకిది మరింత అవసరమయ్యే రోజులు వచ్చేశాయి. జాతీయ విద్యా విధానం వెంట 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. ఒక సంస్థలో సంపాదించిన క్రెడిట్లు ఇంకో సంస్థకు తీసుకెళ్లవచ్చు. అంటే నాలుగు కొలతల గ్రేడ్లు ఇక ఒకే మెమోలో కలుస్తాయి. గ్రేడ్ల పంపిణీ లెక్క ప్రతి పరీక్షా విభాగం కంప్యూటరులో ఇప్పటికే ఉంది. దాన్ని మెమో మీద ముద్రించడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త నియామకాలు అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. కార్నెల్ పాఠం గుర్తుపెట్టుకుని ఆ లెక్కను విద్యార్థికీ, ఉద్యోగమిచ్చేవారికీ ఒకేసారి ఇవ్వాలి.

కంపెనీలూ తమ వంతు చేయాలి. అన్ని కాలేజీలకూ ఒకే కటాఫ్ పెట్టడం చూడటానికి న్యాయంగా ఉన్నా, బిగువుగా దిద్దిన చోట చదివినవారికి అది శిక్ష. 'ప్రతి కాలేజీలో పై 30 శాతం' అన్న హద్దు పెడితే, మార్కులు ధారాళంగా పంచినా లాభం లేదని సంస్థలకు తెలిసొస్తుంది. అలా పంచాల్సిన అవసరమూ తగ్గుతుంది. స్కాలర్‌షిప్‌లు ఇచ్చే ప్రభుత్వ శాఖలు శాతంతో పాటు తరగతిలో స్థానాన్నీ అర్హతగా ఒప్పుకోవాలి.

బాక్స్: ఇప్పటికిప్పుడు విద్యార్థి చేయగలిగింది
*• గ్రేడు పట్టిక, శాతంలోకి మార్చే సూత్రం ఉన్న అధికారిక పత్రం వర్సిటీ నుంచి తీసుకుని దగ్గర పెట్టుకోండి.*
*• సొంతంగా శాతం లెక్కకట్టి దరఖాస్తులో రాయొద్దు. మీ రెగ్యులేషన్‌లోని సూత్రమే వాడండి.*
*• తరగతిలో మీ స్థానం ఎంతో చెప్పే రాత, సంస్థ ఇస్తే అడిగి తీసుకోండి. రెజ్యూమెలో సీజీపీఏ పక్కనే రాయండి.*
*• మార్కుల మీద నిజంగా అనుమానం ఉంటే గడువులోపు రీవాల్యుయేషన్‌కు పెట్టండి. అది మీ హక్కు.*

ఇంట్లోవాళ్లకు ఒక మాట

పెళ్లిళ్లలో, పండగల్లో ఇద్దరి పిల్లల సీజీపీఏలు పక్కపక్కన పెట్టి పోల్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఆ తరగతిలో మిగతావాళ్లకు ఎంత వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న నాన్నలు అడిగితే పిల్లల మీద భారం తగ్గుతుంది. కంపెనీలు అడిగితే గేటు బయట ఆగిపోయే పిల్లలకు లోపలికి వెళ్లి తమకేం వచ్చో చూపించే అవకాశం దొరుకుతుంది. వర్సిటీలు ఎవరూ అడగకముందే జవాబును మెమో మీద ముద్రిస్తే, బిగువుగా దిద్దే మాస్టారు తన విద్యార్థికి అన్యాయం చేస్తున్నానేమోనని భయపడక్కర్లేదు. ధారాళంగా వేసే మాస్టారికి నిజం దాచాల్సిన పని ఉండదు. వచ్చే విద్యా సంవత్సరం మెమోలు అచ్చయ్యే లోపు ఏ ఒక్క వర్సిటీ ఈ పని మొదలుపెట్టినా మిగతావి దాని వెంట నడవక తప్పదు. ఆ మొదటి అడుగు వేసేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోని వర్సిటీయే కావాలి.